సెటిల్‌మెంట్ అంటే ఏ సెటిల్‌మెంట్?

గన్నవరం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర దస్తావేజులు రాసేవాళ్ళను అడిగితే, సెటిల్‌మెంట్ అంటే తండ్రి కూతురికో, భర్త భార్యకో ఆస్తి రాసివ్వటం అంటారు. పోలీస్ స్టేషన్ ముందు చెట్టు కింద నిలబడిన వాళ్ళను అడిగితే, కేసు కోర్టు దాకా పోకుండా మూతపడటం అంటారు. పెళ్ళిళ్ళ పేరయ్య నోట 'సెటిలయ్యాడు' అనే మాట వచ్చిందంటే కుర్రాడికి హైదరాబాదులోనో అమెరికాలోనో మంచి ఉద్యోగం వుందని అర్థం. యూనియన్ వాళ్ళకు అది యాజమాన్యంతో కుదిరిన ఒప్పందం. నిజామాబాదు వైపు వెళితే, సెటిలర్లంటే నిజాంసాగర్ నీళ్ళ కింద భూములు కొనుక్కొని మన డెల్టా నుంచి వలసపోయిన రైతు కుటుంబాలు. ఇక విజయవాడలో 'ఆయన సెటిల్‌మెంట్లు చేస్తుంటాడు' అన్నారంటే, ఆ మనిషికి కాస్త దూరంగా వుండమని హెచ్చరిక.

ఒకటే ఇంగ్లీషు మాట. ఇంగ్లీషు ఒక్క ముక్క చదవని అమ్మ కూడా రోజుకు నాలుగుసార్లు అనే మాట. ఇన్ని అర్థాల్లో తిరుగుతున్నా ఎవరికీ అనుమానం రాదు, అర్థమైపోయినట్టే వుంటుంది. సరిగ్గా ఆ 'అర్థమైపోయినట్టుండటం' దగ్గరే స్త్రీలు మోసపోతున్నారని నా అభిప్రాయం. అందుకే ఈ మాటను కొంచెం విప్పి చూడాలి.

ఇంగ్లీషులో ఈ మాటకు మూలం 'కూర్చునే చోటు' అన్న అర్థం. కదులుతున్న దాన్ని ఒక చోట కూర్చోబెట్టటం, కుదురుగా వుంచటం అనే భావం నుంచి మిగతా అర్థాలన్నీ పుట్టాయి. తెలుగులో మనకు వీటికి వేరు వేరు మాటలున్నాయి. మనిషి ఒక ఊళ్ళో స్థిరపడతాడు. సంబంధం కుదురుతుంది. బాకీ తీరుతుంది. లెక్క తేలుతుంది. తగవు తీరుతుంది. కక్షిదారులు రాజీ పడతారు. ఆస్తి దఖలు పడుతుంది. ఈ మాటల మధ్య వున్న తేడా చిన్నది కాదు. తగవు తీరిందంటే తప్పెవరిదో, ఒప్పెవరిదో ఏదో తేలిందని. రాజీ పడ్డారంటే ఎవరో ఒకరు ఎంతో కొంత వదులుకున్నారని. రాజీ అనే మాటకు ఆ మేరకు నిజాయితీ వుంది. వదులుకోవటం జరిగిందన్న సంగతిని అది దాచదు. ఆ మాటను పక్కకు నెట్టి సెటిల్‌మెంట్ వచ్చాక, పోగొట్టుకోవటానికీ రాబట్టుకోవటానికీ ఒకటే పేరు అయింది. కాళ్ళు విరగ్గొట్టిన భర్త దగ్గరికే స్త్రీని తిరిగి పంపటమూ సెటిల్‌మెంటే, తండ్రి ఆమె పేర ఎకరం పొలం రాయటమూ సెటిల్‌మెంటే.

అబ్బాయి సెటిలవుతాడు, అమ్మాయిని సెటిల్ చేస్తారు

ఇంట్లో ఈ మాట ఎలా వాడతామో గమనించండి. 'మా అబ్బాయి సెటిలయ్యాడు' అంటాం. 'మా అమ్మాయిని సెటిల్ చేశాం' అంటాం. అబ్బాయి కర్త, అమ్మాయి కర్మ. బీటెక్ చదివి, సొంతంగా ఉద్యోగం తెచ్చుకొని, నెల నెలా ఇంటికి డబ్బు పంపే అమ్మాయిని గురించి కూడా 'ఇంకా సెటిల్ కాలేదండీ, సంబంధాలు చూస్తున్నాం' అని తల్లిదండ్రులే అంటారు. అదే ఉద్యోగం చేసే పెళ్ళికాని అబ్బాయి మాత్రం అప్పటికే సెటిలైనట్టు లెక్క. ఉద్యోగంతో మగవాడు స్థిరపడతాడు. స్త్రీ స్థిరపడటం మాత్రం మరొకరి ఇంటికి చేరటంతోనే. ఆర్థిక స్వాతంత్య్రం వస్తే అన్నీ వస్తాయని మనం చాలాకాలం చెప్పుకున్నాం. సంపాదన వచ్చింది గానీ వాక్యంలో కర్త స్థానం ఇంకా రాలేదు.

అబ్బాయి సెటిలవటానికి అయ్యే ఖర్చు ఎవరు పెడుతున్నారన్నది రెండో ప్రశ్న. డెల్టాలో ఆడపిల్లకు పొలం ఇచ్చి పంపటం చాలా కుటుంబాల్లో వున్నదే. చాలాచోట్ల ఆ పొలం అమ్ముడై అల్లుడి చదువుగా, వీసాగా, ఇంటి స్థలంగా మారిపోతుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం గురించి మాట్లాడేటప్పుడు మనం శిక్షల సెక్షన్లే చెబుతాం. దానిలో ఆరో సెక్షను కూడా వుంది. కట్నం ఎవరు పుచ్చుకున్నా, పెళ్ళికి ముందు పుచ్చుకొని వుంటే పెళ్ళయిన మూడు నెలల్లోగా దాన్ని ఆ స్త్రీకి అప్పగించాలి, అప్పటిదాకా అది ఆమె మేలు కోసం తమ దగ్గర వుంచుకున్న సొమ్ముగా భావించాలి. కట్నం ఇవ్వటం, తీసుకోవటం నేరమే. అయినా ఇచ్చింది ఎవరిది అన్న ప్రశ్నకు చట్టం చెప్పిన జవాబు: ఆమెది. 'అబ్బాయి సెటిల్‌మెంట్' అనే మాట ఈ జవాబును కప్పేస్తోంది.

సర్కారు చేసిన సెటిల్‌మెంట్లు

ఈ మాట మన జిల్లాల్లోకి వచ్చింది ఇంటి మాటగా కాదు, సర్కారు మాటగా. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీలో కంపెనీ ప్రభుత్వం జమీందార్లతో 'పర్మనెంట్ సెటిల్‌మెంట్' చేసుకుంది. శిస్తు ఎంతో ఎప్పటికీ మారకుండా తేల్చుకోవటం దాని అర్థం. జమీందారీలు కాని చోట్ల రైతువారీ పద్ధతిలో సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. ఇవాళ్టికీ భూమి తగాదా వస్తే తీసి చూసే ఆర్.ఎస్.ఆర్. అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరే. భూమి ఎంత, దాని తరం ఏమిటి, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు అని దానిలో గళ్ళుంటాయి. నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసిన స్త్రీకి ఆ రిజిస్టర్లో గడి లేదు. భూమికీ ప్రభుత్వానికీ మధ్య జరిగిన ఆ మొదటి సెటిల్‌మెంటులోనే ఆమె లేదు.

ఇదే మాటను సర్కారు మనుషుల మీదా ప్రయోగించింది. ప్రకాశం బ్యారేజీ దాటగానే వచ్చే సీతానగరం, బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం, నెల్లూరు జిల్లాలో కావలి, ఇవన్నీ ఒకప్పుడు 'సెటిల్‌మెంట్లు'. 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించారు. ఎరుకల వంటి సంచార కులాలను పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసి, వాళ్ళను ఒకచోట కట్టడి చెయ్యటానికి ఈ వాడలు పెట్టారు. సీతానగరం, స్టూవర్టుపురాలను సాల్వేషన్ ఆర్మీ, కావలిని అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపాయి. హాజరు చెప్పుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి బడులకు పంపే అధికారం కూడా ఆ 1911 చట్టం ఇచ్చింది. ఉప్పు, ధాన్యం, బుట్టలు మోసుకుంటూ ఊరూరా తిరిగి వ్యాపారం చేసిన స్త్రీలు ఈ 'సెటిల్‌మెంటు'తో తమ తిరుగుడు బతుకుతోపాటు సొంత సంపాదననూ పోగొట్టుకున్నారు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది. ముద్ర మాత్రం ఊరి పేరుకు అంటుకొని వుంది.

ఈ చరిత్ర ఎందుకంటే, సెటిల్‌మెంట్ అనే మాటలో మొదటి నుంచీ ఇద్దరున్నారు. చేసేవాళ్ళు ఒకరు, చెయ్యబడేవాళ్ళు మరొకరు. జమీందారుతో మాట్లాడి రైతును తేల్చేశారు. మిషను వాళ్ళతో మాట్లాడి ఎరుకల వాళ్ళను కుదురు చేశారు. ఎవరి బతుకు తేలుతోందో వాళ్ళు ఆ బల్ల దగ్గర లేరు. ఇంట్లో ఆడపిల్లను 'సెటిల్ చెయ్యటం'లోనూ, స్టేషన్లో ఆడవాళ్ళ కేసును 'సెటిల్ చెయ్యటం'లోనూ వున్నది ఈ పద్ధతే.

అయితే బల్ల దగ్గర స్థానం కోసం పోరాడితే అది చట్టంలోకి కూడా ఎక్కుతుందనటానికి ఒక ఉదాహరణ వుంది. 2013లో వచ్చిన భూసేకరణ చట్టం పేరులోనే పునరావాసం, రీసెటిల్‌మెంట్ అనే మాటలున్నాయి. ఆ చట్టం ప్రకారం వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబం వదిలేసిన స్త్రీలను విడి కుటుంబాలుగా లెక్కించాలి. గన్నవరం విమానాశ్రయం విస్తరణ కోసం బుద్ధవరం తదితర గ్రామాల భూములు తీసుకోవటం మనం చూశాం. ఇక ముందు రోడ్డుకైనా, రైలుకైనా, పరిశ్రమకైనా ఈ చట్టం కింద భూమి పోయే ప్రతి ఊళ్ళో మన కార్యకర్తలు మొదట చూడవలసింది ఈ జాబితాలనే. అన్న ఇంటి వసారాలో వుంటున్న వితంతువు అన్న కుటుంబంలో ఒక తల కాదు, ఆమె ఒక కుటుంబం.

రాజీకి కొత్త పేరు

ఇక మనకు రోజూ ఎదురయ్యే సెటిల్‌మెంట్ సంగతి. భర్త కొట్టాడనో, అదనపు కట్నం అడుగుతున్నారనో ఒక స్త్రీ స్టేషన్ మెట్లెక్కుతుంది. ఫిర్యాదు కాగితం తీసుకుంటారు గానీ నమోదు చెయ్యరు. 'రేపు పెద్దమనుషులను తీసుకురండి, మాట్లాడదాం' అంటారు. రెండు వైపుల నుంచి కార్లు వస్తాయి. మాట్లాడేది మగవాళ్ళు. ఆమెను బయట బల్ల మీద కూర్చోబెడతారు. సాయంత్రానికి ఒక తెల్ల కాగితం మీద ఆమె సంతకం తీసుకుంటారు. దానిలో భర్త ఏం చెయ్యడో రాసి వుండదు. ఆమె ఏం చెయ్యదో వుంటుంది. ఇక మీద ఫిర్యాదు చెయ్యదు, పుట్టింటికి మాటిమాటికీ వెళ్ళదు, పెద్దల మాట మీరదు. 'సెటిలైంది' అంటారు. ఏం సెటిలైంది? కేసు సెటిలైంది. ఆమె బతుకు కాదు.

రాజీని మొత్తంగా తప్పుపట్టటం నా ఉద్దేశం కాదు. చాలామంది స్త్రీలు భర్తకు జైలు కోరుకోరు. కొట్టకుండా వుండటం కోరుకుంటారు, పిల్లల ఖర్చు కోరుకుంటారు, తలదాచుకునే చోటు కోరుకుంటారు. అది ఆమె నిర్ణయం, దాన్ని గౌరవించటం మన బాధ్యత. కానీ ఏది రాజీకి వీలున్నది, ఏది కానిది, ఎవరి ఎదుట, ఎంత వ్యవధితో జరగాలి అన్న దానికి చట్టంలో హద్దులున్నాయి. 'సెటిల్‌మెంట్' అనే మాట ఆ హద్దులన్నిటినీ చెరిపేస్తోంది.

ఒకటి. శిక్షాస్మృతిలో 498-ఎ సెక్షను చేరింది 1983లో. కేంద్ర చట్టంలో అది రాజీకి వీల్లేని నేరం. మన రాష్ట్రంలో 2003 నాటి 11వ చట్టం ద్వారా కోర్టు అనుమతితో రాజీకి వీలు కల్పించారు. కానీ రాజీ కోరిన తేదీ నుంచి కనీసం మూడు నెలలు గడవాలనీ, ఈలోపు ఇద్దరిలో ఎవరూ మనసు మార్చుకోకూడదనీ షరతు పెట్టారు. ఆ మూడు నెలలు ఎందుకు? ఒత్తిడితో చేసిన సంతకం ఏదో, మనసు పెట్టి చేసిన సంతకం ఏదో తేలటానికి. రాజీని అనుమతించిన శాసనమే వ్యవధి కావాలన్నది. స్టేషన్ సెటిల్‌మెంట్ మాత్రం సాయంత్రానికే అయిపోవాలి. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, 498-ఎ లోని నేరం అందులో 85, 86 సెక్షన్లలో వుంది. నంబరు మారింది గానీ బల్ల మీద కూర్చోబెట్టే పద్ధతి మారలేదు.

రెండు. అత్యాచారానికి సెటిల్‌మెంట్ లేదు. 2013లో, మళ్ళీ 2015లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టం చేసింది. డబ్బు ఇచ్చినా, పెళ్ళి చేసుకుంటానన్నా అది శిక్ష తగ్గించటానికి కారణం కాదన్నది. 2021లో మరో తీర్పులో, ఇటువంటి కేసుల్లో రాజీ పడమనీ, పెళ్ళి చేసుకోమనీ కోర్టులు సూచించటమే తప్పని చెప్పింది. బాధితురాలు పద్ధెనిమిదేళ్ళ లోపుదైతే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం గురించి తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవటం శిక్షార్హం. అంటే పంచాయితీ పెట్టి పాపకు 'రేటు' కట్టి, ఫిర్యాదు లేకుండా చేసిన పెద్దమనుషులు మధ్యవర్తులు కారు, వాళ్ళూ ముద్దాయిలే. ఊళ్ళలో ఈ ఒక్క సంగతి గట్టిగా చెప్పగలిగితే కొన్ని పంచాయితీలు మొదలవకుండానే ఆగుతాయి.

మూడు. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమలైంది. అందులో కౌన్సెలింగ్ వుంది. కానీ దాని నియమాలు చదివితే మన స్టేషన్ కౌన్సెలింగుకూ దానికీ పోలికే లేదు. కౌన్సెలింగ్ మొదటి ఉద్దేశం హింస మళ్ళీ జరగదన్న హామీ రాబట్టటం. కొట్టటానికి కారణాలు చెప్పి సమర్థించుకునే అవకాశం భర్తకు అక్కడ ఇవ్వకూడదు. 'నువ్వేం అన్నావో చెప్పు, ఊరికే కొడతాడా' అన్న ప్రశ్నకు ఆ నియమాల్లో చోటు లేదు.

నాలుగు. స్టాంపు కాగితం మీద పెద్దమనుషులు రాయించే విడాకులు. కులాచారంగా అనాదిగా వున్నదని రుజువైతే తప్ప హిందూ వివాహ చట్టం కింద అటువంటి కాగితానికి విలువ లేదు. అయినా 'ఒకేసారి ఇంత పుచ్చుకున్నాను, ఇక నాకు మనోవర్తి హక్కు లేదు' అని దానిలో రాయించుకుంటారు. ఆ కాగితం చూసి భయపడి ఊరుకునే స్త్రీలు ఎందరో. 2013లో సుప్రీంకోర్టు ఒక కేసులో, 125వ సెక్షను కింద కోర్టులోనే ఒకేసారి మొత్తం తీసుకొని రాజీపడిన భార్య కూడా తర్వాత హిందూ దత్తత, మనోవర్తి చట్టం కింద మనోవర్తికి దావా వెయ్యవచ్చని తీర్పు చెప్పింది. కోర్టులో జరిగిన రాజీయే ఆమె నోరు కట్టలేనప్పుడు, అరుగు మీద జరిగింది ఎలా కడుతుంది?

దఖలా, విడుదలా?

ఇప్పుడు రిజిస్ట్రార్ ఆఫీసుకు వద్దాం. స్త్రీల చేతికి ఏదైనా తెచ్చిపెట్టగల సెటిల్‌మెంట్ ఇక్కడే వుంది. సెటిల్‌మెంట్ దస్తావేజు అంటే మన పాత మాటలో దఖలు దస్తావేజు. కుటుంబంలో వాళ్ళకు, లేదా తాము ఆదరించదలచిన వాళ్ళకు, సొమ్ము పుచ్చుకోకుండా ఆస్తి హక్కు ఇప్పుడే ఇచ్చెయ్యటం. నేను పోయాక నీకు అంటే అది వీలునామా, దాన్ని బతికి వుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఈ రోజు నుంచే నీది అంటే అది దఖలు. కానుకగా ఇచ్చే స్థిరాస్తికి ఇద్దరు సాక్షుల సంతకాలు, రిజిస్ట్రేషను తప్పనిసరి. 'నోటిమాటగా ఇచ్చాం, ఊరందరికీ తెలుసు' అన్న పసుపుకుంకుమ పొలాలు అన్నదమ్ముల తరం మారగానే గాలికి పోవటం మనం చూస్తున్నదే.

కానీ ఇక్కడా ఒకే మాట రెండు పనులు చేస్తోంది. నాన్న పోయాక అన్న ఫోను చేస్తాడు. 'అమ్మాయ్, ఒకసారి వచ్చి వెళ్ళు, సెటిల్‌మెంట్ చేసుకుందాం.' చెల్లెలు ఇంత వాటా వస్తుందనుకుంటుంది. ఆఫీసులో ముందు పెట్టిన కాగితం హక్కు విడుదల దస్తావేజు. దఖలు అంటే రావటం, విడుదల అంటే పోవటం. రెండింటినీ ఇంట్లో సెటిల్‌మెంట్ అనే అంటున్నారు. 2014 తర్వాత గన్నవరం చుట్టుపక్కల భూమి ధర ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు. ధర పెరిగిన కొద్దీ ఆడపడుచుల సంతకాలకు గిరాకీ పెరిగింది. చీర, సారె, కొంత నగదు ఇచ్చి కోట్ల విలువైన హక్కును విడుదల చేయించుకోవటం 'మర్యాదగా సెటిల్ చేసుకోవటం' అయింది.

ఆ హక్కు ఎలా వచ్చిందో గుర్తు చేసుకుందాం. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కల్పించింది. అప్పటికే పెళ్ళయిన కూతుళ్ళను మాత్రం మినహాయించింది. 2005 కేంద్ర సవరణ ఆ మినహాయింపును తీసేసింది. 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వినీతా శర్మ కేసులో, 2005 నాటికి తండ్రి బతికి వున్నాడా లేదా అన్నదానితో పని లేదని తేల్చింది. అంతకంటే మనకు ముఖ్యమైనది, ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామన్న వాదనను మామూలుగా ఒప్పుకోరాదని చెప్పటం. ప్రభుత్వ కాగితాల్లో గట్టి రుజువు వుంటే తప్ప అది చెల్లదన్నది. నోటి సెటిల్‌మెంట్ మీద నూరేళ్ళుగా నడిచిన మగవాళ్ళ పెత్తనానికి ఇది పెద్ద దెబ్బ. దాన్ని తప్పించుకోవటానికే ఇప్పుడు విడుదల దస్తావేజుల తొందర.

కాగితంలో ఏం రాశారన్నది ఎంత ముఖ్యమో నెల్లూరు జిల్లా నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన తులసమ్మ కేసు చెబుతుంది. ఆమె వితంతువు. మనోవర్తి కోసం మరిది శేషారెడ్డి మీద 1944లో దావా వేసింది. 1949లో జరిగిన రాజీలో కొన్ని ఆస్తులు ఆమెకు ఇచ్చారు. కానీ బతికినంత కాలం అనుభవించటమే, అమ్ముకోరాదన్నారు. తర్వాత ఆమె కొన్ని అమ్మితే మరిది కోర్టుకెక్కాడు. 1977లో సుప్రీంకోర్టు ఆమెకే పూర్తి హక్కు వున్నదని తేల్చింది. మనోవర్తి ఆమెకు ముందునుంచే వున్న హక్కు గనక, దాని బదులుగా ఇచ్చిన ఆస్తి 1956 చట్టం 14వ సెక్షను వల్ల సంపూర్ణంగా ఆమెదే అయింది. రాజీ పత్రం ఆమె చేతులు కట్టటానికి రాసింది. అది మనోవర్తి కింద ఇచ్చినదన్న సంగతి కాగితం మీద వుండటం వల్ల అదే ఆమెను గెలిపించింది. దేశంలో ఎందరో స్త్రీలు ఆ తీర్పు నీడన నిలబడ్డారు. అయితే అదే 14వ సెక్షనులో రెండో భాగం వుంది. ముందు ఏ హక్కూ లేని ఆస్తిని దానంగా ఇస్తూ 'జీవితకాలం మాత్రమే' అని రాస్తే ఆ షరతు చెల్లవచ్చు. అందుకే దఖలు రాయించుకునేటప్పుడు 'దాన, వినిమయ, విక్రయాది సర్వ హక్కులతో' అన్న మాటలున్నాయో లేదో వినాలి.

స్త్రీలు రాసిచ్చే సెటిల్‌మెంట్ల సంగతి కూడా చెప్పాలి. పెద్దవయసు తల్లులు వున్న ఇల్లు కొడుకు పేర దఖలు చేసి, మరుసటేడు వసారాలోకి చేరుతున్నారు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షను ప్రకారం, పోషిస్తానన్న షరతు మీద తీసుకొని పోషించకపోతే ఆ దస్తావేజును ట్రిబ్యునల్ రద్దు చెయ్యవచ్చు. కానీ ఆ షరతు వున్నదని చూపించాలి. 'కన్నకొడుకు దగ్గర షరతు ఏమిటమ్మా' అని లేఖరి అంటాడు. కన్నకొడుకు దగ్గరే కావాలి. షరతు కాగితంలోనే రాయించాలి.

అడగవలసిన ప్రశ్నలు

ఇంగ్లీషు మాటను భాష నుంచి తరిమెయ్యమని నేను అనటం లేదు, అది అయ్యే పని కాదు. ఎవరైనా సెటిల్‌మెంట్ అన్నప్పుడు మన కార్యకర్తలు దాన్ని తెలుగులోకి మార్చి చెప్పమని అడగాలి. ఇది తీర్పా? రాజీయా? దఖలా? విడుదలా? పేరు చెప్పటానికి వాళ్ళు తడబడితే అక్కడే ఆగాలి.

ఆ తర్వాత ఆమె బల్ల దగ్గర వుందా, బయట బల్ల మీద వుందా అని చూడాలి. కాగితంలో ఆమె చెయ్యవలసినవే వున్నాయా, అతను చెయ్యవలసినవి, తేదీలతో, మొత్తాలతో వున్నాయా చదివించాలి. ఆలోచించుకోవటానికి వ్యవధి అడగాలి. సంతకం చేసిన ప్రతి కాగితానికి నకలు ఆమె చేతిలో వుండాలి. రాజీయే కావాలనుకుంటే, రాజీకి వీలున్న విషయమైతే, కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో చేసుకోవాలి. 1987 న్యాయ సేవల చట్టం కింద లోక్ అదాలత్ అవార్డుకు కోర్టు డిక్రీ విలువ వుంది, మాట తప్పితే అమలుకు వెళ్ళవచ్చు. అయితే దాని మీద అప్పీలు లేదు గనక ఒప్పుకునే ముందే అంతా చూసుకోవాలి. అదే చట్టం ప్రకారం స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం వుంది. మండల న్యాయ సేవల కమిటీకి ఒక దరఖాస్తు పెడితే చాలు.

యూనియన్ల నుంచి మనం నేర్చుకోవలసింది ఇదే. 2025 దాకా అమల్లో వున్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో సెటిల్‌మెంట్ అంటే రాతపూర్వకంగా, రెండు పక్షాల సంతకాలతో జరిగిన ఒప్పందం. అధికారి సమక్షంలో కుదిరితే యాజమాన్యం దాన్ని మీరటం ఆ చట్టం కింద నేరంగా వుండేది. కార్మికులు బయట నిలబడితే వాళ్ళ బంధువులు లోపల మాట్లాడి వచ్చే పద్ధతిని ఏ యూనియనూ ఒప్పుకోలేదు. కార్మికుడికి దక్కిన ఆ గౌరవం ఇంట్లో, స్టేషన్లో, పంచాయితీలో స్త్రీకి ఎందుకు దక్కకూడదు?

మనలోనూ ఒక అలవాటు మారాలి. సంవత్సరం చివర రిపోర్టులు రాసేటప్పుడు 'ఇన్ని కేసులు సెటిల్ చేశాం' అని రాస్తున్నాం. దాతలు అడిగే ఫారాల్లోనూ ఆ గడి వుంటుంది. ఆ ఒక్క గడిని నాలుగు చెయ్యాలి. ఎంతమందికి తీర్పు వచ్చింది, ఎంతమంది ఇష్టపడి రాజీపడ్డారు, ఎంతమంది గత్యంతరం లేక వెనక్కు వెళ్ళారు, ఎంతమంది పేర ఇల్లో పొలమో దఖలు పడింది. ఆ నాలుగు అంకెలూ విడివిడిగా చూసుకుంటే మన పని ఎంత ముందుకు పోయిందో, ఎంత పోలేదో మనకే తెలుస్తుంది. మొదటిదీ చివరిదీ పెరగాలి, మూడోది తగ్గాలి. అంతవరకూ సెటిలైందని మనం మాత్రం అనకూడదు.